కారును మార్చుటకు ముందు పద్దుపుస్తకము నడుగుడు



బియ్యము, పప్పు, పిల్లల చదువులు, పండుగ కొనుగోళ్ళు – ఇట్టి సంగతులను గూర్చి ఈ పుటలలో ముచ్చటించుట మనకు వాడుక. ఈ మాసము వాకిట నిలిచియుండు మోటారుకారును గూర్చి ముచ్చటింప నెంచితిమి. “కారు సంగతి మగవారిది, మన కేల?” యని కొంద రనవచ్చును. ఇల్లు కట్టుట, పెండ్లి చేయుట – ఈ రెండింటి తరువాత కుటుంబము ఒక్కమారుగా వెచ్చించు పెద్ద మొత్తము కారునకే పోవుచున్నది. దాని కంతు నెలనెలయు ఇంటి ఖర్చులోనుండియే చెల్లుచున్నది. అది నడిదారిలో నాగిపోయిన నాడు చంకలో బిడ్డతో, చేతిలో సంచితో రోడ్డు ప్రక్కను నిలువవలసినవారము మనమే. కావున ఉన్న కారును ఉంచుకొందుమా, మార్చుదుమా యను ప్రశ్న మన ప్రశ్నయే.

మేము ముఖ్యముగా హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణముల గృహములను మనస్సున నుంచుకొని వ్రాయుచున్నాము. 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని యీ మూడూళ్ళలోను, పది పండ్రెండేండ్ల క్రిందట కొనిన మధ్యరకపు సెడాను కార్లు ఇంకను అనేక గృహముల ముంగిట నున్నవి. సెడా ననగా ముందు ఇంజను, నడుమ మనుష్యులు కూర్చుండు చోటు, వెనుక వేరుగా మూతగల డిక్కీ ఉండు కారు. హోండా సిటీ, హ్యుందయ్ వెర్నా, మారుతీ సియాజ్ మున్నగునవి ఈ తరగతిలోనివి. పట్టు వ్యాపారులు, కిరాణా వర్తకులు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు వానిని ముచ్చటపడి కొనిరి. ఇప్పుడా కార్లకు వయస్సు మీరుచున్నది.

మన ప్రాంతమున ఈ ప్రశ్నను తొందరపెట్టునది మరియొకటి గలదు. పెనుకొండ సమీపమున ఎర్రమంచి యొద్ద కియా సంస్థవారు కార్ల కర్మాగారమును నెలకొల్పిరి. 2017 ఏప్రిలులో రాష్ట్ర ప్రభుత్వముతో ఒప్పందము జరిగెను. 2019 ఆగస్టులో సెల్టోస్ అను మొదటి కారు విపణికి వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరులో కర్మాగారమునకు ప్రారంభోత్సవము జరిగెను. ఏటికి 3 లక్షల కార్లు తయారుచేయు శక్తి గలదిగా దానిని నిర్మించిరి. 2023 జూలై నాటికి పదిలక్షలవ కారు బయటికి వచ్చెను. ఒకప్పుడు వేరుసెనగ చేలు తప్ప మరేమియు కానరాని బాటప్రక్కను నేడు కొత్త కార్లు బారులు తీరి యున్నవి. అన్నకొడుకో, అల్లుడో అందు పనిచేయుచుండును. “మన యూరి కారు కొనకుండ, ఈ పాతదాని నింకెన్నాళ్ళు లాగెదరు?” అని వారి మాట. అయితే ఆ సంస్థ మన దేశమున సెడాను నింతవరకు అమ్మలేదు. అమ్మునవి చాలవరకు ఎత్తైన కార్లే. కాబట్టి పాత సెడాను గల గృహమున కిది పేరు మార్పు మాత్రమే కాదు, కారు రకమునే మార్చుకొను సంగతి.

పాత కారు నమ్మదగినదా కాదా యని తేల్చుట యెట్లు? “ఆ కంపెనీ మంచిది, ఈ కంపెనీ చెడ్డది” యని వీథి యరుగుమీద తీర్పు చెప్పువా రనేకులు. ఒకే కంపెనీవారి ఒకే రకపు కారు ఒక యింట పదునైదేండ్లు సేవచేయును. మరియొక యింట ఐదేండ్లకే మూలబడును. మా పరిచయములోని మూడు గృహముల యనుభవములను జెప్పెదము. కంపెనీల పేళ్ళు చెప్పము. చెప్పవలసిన యవసరమును లేదని మీకే తెలియగలదు.

హిందూపురములోని యొక వర్తకుని యింట పదునొకండేండ్ల పెట్రోలు సెడాను గలదు. రెండేండ్లుగా దానికి ఏదో యొక జబ్బు. కిటికీ అద్దము దిగినది ఎక్కదు. ఏసీ చల్లదన మీయదు. స్పీడుబ్రేకరు దాటునప్పుడు క్రింద టకటక ధ్వని. ఇంటివారు విసిగి అమ్మివేయ నిశ్చయించిరి. ఆ యింటి యిల్లాలు మాత్రము కారునకు ప్రత్యేకముగా ఒక పద్దుపుస్తకము వ్రాయుచుండెడిది. ఆమె దానిని తెరచి భర్త యెదుట నుంచి, “ఇన్ని రిపేర్లు చేయించితిమి, నిజమే. ఇది మనలను దారిలో నెన్నిమారులు నిలబెట్టినది?” అని యడిగెను. పుస్తకమంతయు వెదకినను ఒక్కటే కనబడెను. అదియు బ్యాటరీ వయస్సు తీరినందున, ఇంటి వాకిటనే. ఆ కారు నేటికిని ఆ యింటనే యున్నది.

పెనుకొండలోని యింకొక కుటుంబపు కారు చూచుటకు క్రొత్తదానివలె నుండెను. లోపల సీట్ల కవర్లు నలుగలేదు. పైని గీత యైన లేదు. ఇంజను వేడి చూపు ముల్లు అప్పుడప్పుడు పైకి పోవుచుండగా, నీళ్ళు పోసికొని నడపుచుండిరి. నెలలు నిండిన కూతురును రాత్రివేళ బెంగుళూరు ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా, కొడికొండ చెక్‌పోస్టు ఇంకను రాకముందే ఇంజను పొగలు క్రక్కి నిలిచిపోయెను. లారీ డ్రైవరొకడు దయతలచి ఆగి, 108కి ఫోను చేయించి, అంబులెన్సు వచ్చువరకు తోడుండెను. తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు. తరువాత మేస్త్రి విప్పి చూడగా, పగిలినది కొన్ని వందల రూపాయల రబ్బరు గొట్టము. దానివలన ఇంజను హెడ్డు వంగి వేల రూపాయల నష్టమయ్యెను. రిపేరు చేయించినను, ఆ యింటి స్త్రీలకు దానిలో రాత్రి ప్రయాణము చేయుటకు మనసు రాలేదు. వారు దానిని అమ్మివేసిరి. మా యభిప్రాయమున వారు చేసినది సరియైన పని.

ధర్మవరములోని పట్టుచీరల వ్యాపారి కథ వేరు. పాత పెట్రోలు సెడానునకు మారుగా, మైలేజి యెక్కువ వచ్చునని యెవరో చెప్పగా ఆయన రెండేండ్ల వయస్సుగల డీజిలు సెడాను కొనెను. ఇంటికిని అంగడికిని నడుమ దూరము రెండు కిలోమీటర్లు. కారు దినమంతయు ఆ రెండు కిలోమీటర్లే తిరుగును. కొన్ని నెలలకే ఎదుట ఒక హెచ్చరిక దీపము వెలిగెను. 2020 ఏప్రిలు 1 నుండి అమలైన బి.యస్.6 నిబంధన ననుసరించిన డీజిలు కార్ల పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. కారు చాలసేపు వేగముగా నడచి గొట్టము బాగుగా వేడెక్కినప్పుడే ఆ మసి కాలి పోవును. సందులలో తిరుగు కారునకు ఆ వేడి రాదు; జల్లెడ మూసికొనిపోవును. కారు చెడ్డది కాదు. ఆ యింటికి తగినది కాదు.

ఈ మూడు గృహములనుండి మేము గ్రహించిన దొక్కటే. కారు చేయు ఇబ్బందులు రెండు విధములు: మనలను విసిగించునవి కొన్ని, దారిలో నిలబెట్టునవి కొన్ని. అద్దము దిగకపోవుట, ఏసీ తగ్గుట, పాటల పెట్టె మూగబోవుట, టకటకలు – ఇవి విసిగించునవి. వేడెక్కుట, బ్రేకు క్రుంగుట, క్లచ్చి జారుట, పెట్రోలు పంపు ఆగుట, బ్యాటరీకి చార్జి ఎక్కకపోవుట – ఇవి నిలబెట్టునవి. పద్దుపుస్తకములో ప్రతి పుటను నిలువుగా రెండు చేసి, ఎడమవైపున మొదటి రకమును, కుడివైపున రెండవ రకమును తేదీతో, కిలోమీటర్లతో, రూపాయలతో వ్రాయుడు. ఎడమ ప్రక్క ఎంత నిండినను కారును మార్చ నక్కరలేదు. కుడి ప్రక్క ఒక్క సంవత్సరములో రెండు మూడు పంక్తులు పడి, వాని కారణమును మేస్త్రి స్పష్టముగా చెప్పలేకపోయినచో, ఆ కారున కిక వీడ్కోలు చెప్పవచ్చును. కారణము తెలిసిన జబ్బు రిపేరుతో పోవును. కారణము తెలియనిది మరల వచ్చును.

కుడి ప్రక్కను పంక్తులు పడకుండ జేయుట చాలవరకు మన చేతిలోనిదే. మన సీమ యెండ, ధూళి, నీరు – ఈ మూడును కారునకు పరీక్షలే. మన బోరుబావుల నీటిలో సున్నము పాలెక్కువ. నీళ్ళు కాచు పాత్ర యడుగున తెల్లని పెచ్చు కట్టుట మనము దినదినము చూచుచున్నదే. ఆ నీటినే రేడియేటరులో పోసినచో దాని సన్నని నాళములలో అదే పెచ్చు కట్టి ఇంజను చల్లారదు. కాబట్టి కంపెనీవారు చెప్పిన కూలెంటు తప్ప బోరునీరు పోయనీయకుడు. ధూళిలో తిరుగు కారునకు గాలి ఫిల్టరును పుస్తకములో చెప్పిన గడువుకంటె ముందుగానే మార్పింపుడు. ఎండకు బ్యాటరీ త్వరగా నీరసించును. మూడేండ్లు దాటినదానిని ప్రతి సర్వీసునకును పరీక్ష చేయింపుడు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును గనుక రెండేండ్ల కొకమారు మార్చుట మేలు. ఎనిమిదేండ్లు దాటిన కారునకు రబ్బరు గొట్టములు, బెల్టులు చెడకముందే మార్పించుట చవుక. పెనుకొండ కథ మరువకుడు. వారముల తరబడి కదలని కారులో ఎలుకలు చేరి తీగలు కొరుకును; కావున వారమున కొక దినమైన దానిని నడపింపుడు.

ఇటీవలి మార్పొకటి పాత కార్లవా రెరుగవలయును. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలిపి అమ్ముట సాధారణమయ్యెను. 2023 ఏప్రిలు తరువాత తయారైన కార్లను దానికి తగిన రబ్బరులతో, గొట్టములతో చేయుచున్నారు. అంతకు పూర్వపు కార్లలో మైలేజి కొంత తగ్గవచ్చును; రబ్బరు భాగములు కొన్ని ముందుగా మార్చవలసి రావచ్చును. పెట్రోలు వాసన వచ్చినచో ఎంతమాత్రము ఉపేక్షింపక మేస్త్రికి చూపింపుడు.

ఇక లెక్కకు వత్తము. “ఏటేట రిపేర్లకు పోయుటకంటె క్రొత్తది కొనుట మేలు” అను మాట మనము తరచుగా వినునదే. ఉదాహరణమునకు 15 లక్షల క్రొత్త కారు అనుకొందము. 3 లక్షలు చేతినుండి పెట్టి 12 లక్షలు బ్యాంకులో 9 శాతము వడ్డీకి ఐదేండ్ల గడువున తెచ్చితిమనుకొనుడు. నెల కంతు సుమారు 24,900 రూపాయలు. ఐదేండ్లలో వడ్డీయే 2 లక్షల 94 వేలకు పైబడును. అది యటుండగా, భీమా కంపెనీలు కారు విలువ కట్టు పట్టిక ప్రకారము ఆరు నెలలు దాటిన కారునకు 15 శాతము, రెండవ యేట 20 శాతము, మూడవ యేట 30, నాలుగవ యేట 40, ఐదవ యేట 50 శాతము తగ్గింపు. అనగా 15 లక్షల వస్తువు మొదటి యేడాదిలోనే 2 లక్షల 25 వేలు, ఐదవ యేటికి సగము కోల్పోవును. పాత కారు ఒక సంవత్సరమున 50, 60 వేల రూపాయల రిపేరు తిన్నను, క్రొత్త కారు మౌనముగా తినుదానితో పోల్చిన నది స్వల్పమే. గ్యారేజి బిల్లు కంటికి కనబడును గనుక మంట పుట్టించును. తరుగుదల కనబడదు గనుక మంట పుట్టింపదు. భేద మంతియే.

అయినను ధనముతో కొలువరానిది యొకటి గలదు, అది ప్రాణరక్షణ. కార్లకు ఏ.బి.యస్. బ్రేకును 2019 ఏప్రిలు నుండియు, డ్రైవరునకు ఎయిర్‌బ్యాగును 2019 జూలై నుండియు, ప్రక్కసీటువారికి ఎయిర్‌బ్యాగును అన్ని క్రొత్త కార్లకును 2021 డిసెంబరు 31 నుండియు తప్పనిసరి చేసిరి. అంతకు పూర్వము కొనిన కార్లలో, విశేషించి తక్కువ ధర రకములలో, ఇవి లేకపోవచ్చును. మీ కారులో ఏవి యున్నవో ఇంటి పెద్దల నడిగి తెలిసికొనుడు. వారమువారము 44వ నెంబరు జాతీయ రహదారిపై బెంగుళూరునకో, అనంతపురమునకో పోవు కుటుంబము ఎయిర్‌బ్యాగులు లేని కారును, అది ఒక్కమారైనను ఆగకపోయినను, మార్చుటయే ధర్మము. ఊరు దాటని కారునకు అంత తొందరలేదు. ఏ కారైనను వెనుక సీటువారును బెల్టు పెట్టుకొనవలయునని వేరుగ జెప్ప నక్కరలేదు.

మార్చుటకే నిశ్చయించితి మనుకొందము. ఎట్టిదానిని ఎన్నుకొనవలయును?

మొదటిది, మరల సెడానే కొనుట. 1998లో హోండా సిటీ మన దేశమునకు వచ్చినది మొదలు ఈ తరగతి కార్లకు గొప్ప గౌరవముండెను. నేడు వాని సంఖ్య తగ్గినది. షెవర్లే కార్లను చేయు సంస్థ 2017 చివర మన విపణిని విడిచెను. ఫోర్డు సంస్థ మన దేశమున కార్ల తయారీని మానుచున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించెను. టొయోటా యారిస్ 2021లోను, 2014లో వచ్చిన సియాజ్ 2025లోను నిలిచిపోయెను. వెర్నా, సిటీల డీజిలు రకములు 2023లో ఆగెను. 2022లో వచ్చిన స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్చుస్ పెట్రోలువే. ఈ రెండింటికిని, 2023 నాటి క్రొత్త వెర్నాకును గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టు పరీక్షలో ఐదు నక్షత్రములు వచ్చెను. సెడాను నేలకు దగ్గరగా నుండును గనుక పెద్దరోడ్డు మలుపులలో నిలుకడగా నుండును. డిక్కీ వేరుగా నుండుటచే పెండ్లి సామానులు, పట్టుచీరల మూటలు ఎండకు, పరుల కంటికి దూరముగా నుండును. కాని మోకాళ్ళ నొప్పులుగల అత్తగారు పల్లపు సీటులోనుండి లేచుటకు శ్రమపడుదురు; పల్లెబాటల గుంతలలో అడుగు తగులును.

రెండవది, ఎత్తు కారు. పెద్దవారికి ఎక్కుట దిగుట సుఖము. పల్లెలలో పొలములు గలవారికి మిక్కిలి యనుకూలము. పన్నులోను భేదము గలదు. 2025 సెప్టెంబరు 22 నుండి, నాలుగు మీటర్ల పొడవు మించక, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు ఇంజను 1500 సి.సి. దాటని కార్లకు జి.యస్.టి. 18 శాతము, వానిని మించినవానికి 40 శాతము. మధ్యరకపు సెడాన్లన్నియు నాలుగు మీటర్లకంటె పొడవైనవి గనుక 40 శాతములోనికి వచ్చును. మారుతీ డిజైర్, హోండా అమేజ్ వంటి పొట్టి సెడాన్లు, ఎర్రమంచిలో తయారగు సోనెట్ వంటి చిన్న ఎత్తు కార్లు 18 శాతములోనివి; సెల్టోస్ 40 శాతములోనిది. మూడేండ్లకొక మారు పెండ్లికి పోవుటకై పెద్ద డిక్కీ కొనుట అవసరమా యని యోచింపుడు.

మూడవది, పాత కారు కొనుట. హిందూపురమునకు బెంగుళూరు సుమారు నూరు కిలోమీటర్లే గనుక అచ్చటి పాత కార్లు మన యూళ్ళకు విరివిగా వచ్చుచున్నవి. ధర చవుకగా కనబడును. ఆ కారు నిచ్చట ఉంచుకొనవలెనన్న, కర్ణాటక రిజిస్ట్రేషను కార్యాలయమునుండి 28వ ఫారముపై ఎన్.ఓ.సి. తేవలెను, పండ్రెండు నెలలకు మించి ఇచ్చట నుంచినచో ఇచ్చటి నెంబరు తీసికొని, ఆంధ్రప్రదేశపు జీవితకాలపు పన్ను కట్టవలెను. ఆ పన్నును కలిపి చూచిన తరువాతనే చవుకయో కాదో చెప్పవలెను. 2022 సెప్టెంబరులో బెంగుళూరు తూర్పు భాగములను వరద ముంచినప్పుడు అనేక కార్లు నీట మునిగెను. కావున కారు లోపలి తివాచీ నెత్తి చూడుడు. సీట్ల క్రింది ఇనుము త్రుప్పుపట్టెనేమో, ముక్కవాసన యున్నదేమో, బెల్టును పూర్తిగా లాగినప్పుడు చివర మట్టిచార యున్నదేమో పరీక్షింపుడు. వాసన పట్టుటలో మనకు మించిన పరీక్షకులు లేరు.

పాత కారు కొనునప్పుడు 29, 30 ఫారములపై అమ్మువారి సంతకములు, బ్యాంకు అప్పు తీరినట్లు 35వ ఫారము, సర్వీసు పుస్తకము తీసికొనుడు. పేరు మారిన పదునాలుగు దినములలోపల భీమాను మీ పేరునకు మార్పించుకొనుడు. ఉదయమున ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించి వినుడు. ముందే వేడిచేసి యుంచిన కారు తన దగ్గును దాచుకొనును. నడుపు పరీక్షకు ఇంటి మగవా రొక్కరే పోక, అత్తగారిని, పిల్లలను వెనుక కూర్చుండబెట్టి మీరును పొండు. వెనుక సీటు సుఖము ముందు కూర్చున్నవారికి తెలియదు.

కారు క్రొత్తదైనను పాతదైనను విచారింపవలసిన మరియొక సంగతి గలదు: కంపెనీవారు దోషమును గుర్తించి కార్లను వెనుకకు పిలిచి ఉచితముగా సరిచేయుట. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము దోషముగల వాహనములను వెనుకకు పిలుచునట్లు ఆజ్ఞాపించు నధికారమును ప్రభుత్వమున కిచ్చెను. మన ఎర్రమంచిలో తయారైన క్యారెన్స్ కార్లు 44,174 టిని 2022 అక్టోబరులో ఎయిర్‌బ్యాగు సాఫ్టువేరు పరీక్షకై పిలిచిరి. హోండావారు 2024 అక్టోబరులో పెట్రోలు పంపు మార్చుటకై 90,468 పాత కార్లను పిలిచిరి. వానిలో సిటీ కార్లును గలవు. ఇట్లు పిలుచుట సంస్థకు అప్రతిష్ఠ కాదు. పిలిచినను మనము పోకపోవుటయే ప్రమాదము. పెట్రోలు పంపు మన కుడి ప్రక్క పద్దులోనిదని జ్ఞాపకముంచుకొనుడు. కారు ఛాసిస్ నెంబరును కంపెనీ వర్కుషాపులో చెప్పినచో మీ కారు అట్టి పట్టికలో నున్నదో లేదో చూచి చెప్పుదురు. పాత కారు కొనువారి కిది మొదటి పరీక్ష కావలయును.

ఇంకొక ప్రశ్న: వర్కుషాపు ఎంత దూరము? కారు ఎంత గొప్పదైనను, విడిభాగమునకు బెంగుళూరునకు వ్రాసి వారము దినములు వేచియుండవలసివచ్చినచో అది మన యూరికి గొప్పది కాదు. మన దేశమును విడిచిన సంస్థలు కూడ విడిభాగములు, సర్వీసు కొనసాగింతుమనియే చెప్పెను. కాని చిన్న పట్టణమునకు ఆ మాట చేరుట ఆలస్యము. కొనకముందే మీ యూరి మేస్త్రి నడుగుడు: “ఈ కారు క్లచ్చి, రేడియేటరు, ముందు బంపరు ఎన్నాళ్ళలో దొరకును?” ఆయన చెప్పు దినముల లెక్కయే ఆ కారు మన యూళ్ళలో నెంత నమ్మదగినదో తెలుపును.

తుదకు మన సొంత మాటలు కొన్ని. కారు కొనుటకై నగలు కుదువబెట్టకుడు. బంగారము ఆపదకు, కారు సదుపాయమునకు. రిజిస్ట్రేషను మీ పేరున నుండుట మంచిది. లేనిచో, 2021లో వచ్చిన సవరణ ప్రకారము నామినీగా నైనను మీ పేరు వ్రాయించుకొనుడు. యజమానికి కాని దేమైన జరిగినప్పుడు ఆఫీసుల చుట్టు తిరుగు శ్రమ తగ్గును. రిజిస్ట్రేషను పదునైదేండ్లకు తీరునని, పిదప ఐదేండ్ల కొకమారు పరీక్షతో క్రొత్తచేయవలెనని యెరుగుడు. అదనపు టైరులో గాలి యున్నదో లేదో నెలకొకమారు చూడుడు. జాతీయ రహదారిపై కారు ఆగినచో 1033, ఆపద యైనచో 112, అంబులెన్సునకు 108 – ఈ నెంబర్లు ఫోనులోనే గాక కారులో ఒక అట్టమీదను వ్రాసి యుంచుడు. కారు నడుపుట నేర్చికొను వీలున్నవారు తప్పక నేర్చికొనుడు. నడుపువారి చెవికి కారు గొంతు మారుట ముందుగా తెలియును.

పద్దు లేని యింట కారును గూర్చి నిర్ణయించునది పొరుగింటి క్రొత్త కారు, మేనల్లుని మాట, అంగడివాని నవ్వు. పద్దు గల యింట నిర్ణయించునది ఆ యింటి యనుభవము. నాలుగు పుటలు నిండిన పుస్తకము చేతనుండగా, “ఉంచుదము” అన్నను, “మార్చుదము” అన్నను మన మాటకు విలువ గలుగును. ఈ మాసపు ఇంటిలెక్క వ్రాయునప్పుడు కారునకు వేరుగా ఒక పుస్తకము తెరచి, మొదటి పుటకు నడుమ ఒక గీత గీయుడు.